రుచిసాక్షి పన్నెండో రోజు

ఉదయం ఎనిమిదీ పదికి హైమవతి చెవి వెనక అతికించిన, నాలుక రుచిని సంకేతంగా పంపే నాడిపొరను వేలితో అదిమి, సాసర్లోని ఇరానీ చాయ్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. వేడి తెలిసింది. చిక్కదనం తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

కంగారుగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది. పదిహేడేళ్ళ కిందట డిగ్రీ చివరి పరీక్ష రాసి, చెల్లెలితో కలిసి ఇదే హోటల్లో తాగిన చాయ్. బయట వాన. ముందు తీపి, తర్వాత మరిగిన పాల కమ్మదనం, చివర గొంతులో నిలిచే వగరు. ఆ వగరు దాకా వచ్చేసరికి నాడిపొర సన్నగా అదిరింది.

"సంకేతం అందింది. వందకు తొంభై నాలుగు," అన్నాడు చెవిలో సమన్వయకర్త దయాకర్. "నడిమి మండలంలో మళ్ళీ మొదటి స్థానం."

నడిమి మండలంలో ఇరవై రెండు లక్షల మంది ఉంటారు. ఎక్కడ టిఫిన్ చేయాలో, ఎక్కడ చాయ్ తాగాలో వాళ్ళ మణికట్టు మీది దారిపట్టీలే చెబుతాయి. ఆ పట్టీలను నడిపే ఇష్టపట్టికకు ఆధారం రుచిసాక్షి హైమవతి నాలుక. హైదరాబాద్ జనం తమకు ఏ హోటల్ ఇష్టమో తామే వెతుక్కోవడం మానేసి తొమ్మిదేళ్ళయింది; పట్టిక మెచ్చిందే తమకూ నచ్చిందనుకుంటారు.

ఆమె లేవబోతుంటే హోటల్ యజమాని ఖాదర్ భాయ్ కౌంటర్ వదిలి దగ్గరికొచ్చాడు. బయట చాయ్ కోసం నిలబడ్డ జనం వరస వీధి మలుపు దాటి ఉంది. ఆయన ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"మేడం, ఒక మాట అడగొచ్చునా? మా పాత చాయ్ మాస్టర్ పోయి వారమైంది. కొత్తాయన డికాషన్ మాడగొడ్తుండు. నేనే తాగలేకపోతున్న. మీరేమో తొంభై నాలుగంటున్రు."

"నాడిపొర చెప్పిందే నేను చెప్తాను భాయ్," అంది హైమవతి. ఆయన వైపు చూడకుండా సాసర్ పక్కకు జరిపింది.

"జనం గూడ మస్తుందనే అంటున్రు," అన్నాడాయన వరస వైపు చూస్తూ. "అదే సమజైతలేదు నాకు."

ఆమె గబగబా బయటపడింది. పన్నెండు రోజుల కిందట రెండు పూటలు జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ రుచినీ వాసననీ తీసుకుపోయింది. రోజూ లేవగానే పచ్చిమిరపకాయ కొరికి చూసుకుంటోంది. నాలుక మండుతుంది, కళ్ళ నీళ్ళొస్తాయి, రుచి మాత్రం ఉండదు. నాలుక చెడితే ఆ రోజే తెలియజేయాలని నియమం. తెలియజేస్తే నాడిపొర తీసేస్తారు. ఒకసారి తీసినది మళ్ళీ అతకదు. ఇరవై ఆరో ఏట మొదలుపెట్టిన పని, ఇది తప్ప ఆమెకు మరొకటి రాదు. రేపు తిరిగొస్తుంది, రేపు తిరిగొస్తుంది అనుకుంటూ ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది. పాత హోటళ్ళన్నీ జ్ఞాపకాల మీదే గట్టెక్కాయి.

జ్ఞాపకం లేనిది నారాయణగూడ సందులోని ఎల్లవ్వ సర్వపిండి బండి. అది పెట్టి రెండు నెలలే అయింది. రుచి పోయిన నాలుగో రోజున హైమవతి అక్కడ మొదటిసారి తిన్నప్పుడు పదకొండు వచ్చింది. రెండోసారి కూడా నలభై దాటకపోతే బండి పట్టికలోంచి పోతుంది. ఆ తర్వాత దారిపట్టీలు జనాన్ని ఆ సందులోకే రానివ్వవు.

ఈ రోజు రెండోసారి.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్ళేసరికి బండి దగ్గర ఒక్కరూ లేరు. అరవై దాటిన ఎల్లవ్వ మూకుడులో పిండిని అరచేత్తో పరిచి, వేలితో బొక్కలు చేసి, వాటిలో నూనె చుక్కలు వదిలి మూతపెట్టింది.

"మొన్న నీకు నచ్చలేదంట గదా బిడ్డా," అంది. "ఈసారి నువ్వులు జర ఎక్కువేసిన. పల్లీలు గూడ మంచిగ ఏంచిన. సూడు."

హైమవతి ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. అంచు కరకరలాడింది. పల్లీ పలుకు పంటి కింద చితికింది. అట్టముక్క నమిలినా ఇంతే.

"సంకేతం చాలా బలహీనంగా ఉంది. తొమ్మిది," అన్నాడు దయాకర్. "ఇంకోసారి చూడండి. లేదంటే తీసేస్తాను."

అమ్మ వేసిన పెసరట్టును తలుచుకుంటే చాలు. అల్లం, జీలకర్ర, పొగలు. నాడిపొరకు తేడా తెలియదు, ఎనభై దాకా వస్తుంది. రేపటి నుంచి ఈ బండి ముందు వరస ఉంటుంది, ఎల్లవ్వ బతికిపోతుంది, తనూ బతికిపోతుంది. హైమవతి కళ్ళు మూసుకుంది. పెసరట్టు నోటి దాకా వచ్చింది.

మాడిన చాయ్‌ని మెచ్చుకుంటూ తాగుతున్న ఆ వరస కూడా అప్పుడే గుర్తొచ్చింది. లక్షల మంది నోళ్ళలోకి తన పాత రుచులు పోస్తోంది. వాళ్ళు అవే తమ రుచులనుకుంటున్నారు.

"ఎట్లుంది బిడ్డా?" ఎల్లవ్వ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"నాకు తెలియడం లేదు అవ్వా."

"అంటే?"

"నీ పిండి తప్పు కాదు. పన్నెండు రోజులుగా నాకు ఏ రుచీ తెలియడం లేదు." నాడిపొరను అదిమి గొంతు పెంచింది. "దయాకర్ గారూ, ఇది నమోదు చేయండి. ఈ పన్నెండు రోజుల సంకేతాలన్నీ చెల్లవు. అవి నాలుకవి కావు, జ్ఞాపకాలు."

చెవిలో దయాకర్ గొంతు తగ్గించాడు.

"హైమవతి గారూ, ఈ మాట నేను నమోదు చేస్తే పట్టిక మొత్తం పడిపోతుంది. భోజనాల వేళ. మీరేం చేస్తున్నారో తెలుస్తోందా?"

"తెలుస్తోంది. చేయండి."

నాడిపొర ఒక్కసారి చురుక్కుమని చల్లబడింది. సందు చివర పెద్ద రోడ్డు మీద నడుస్తున్న వాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. మణికట్లు పైకెత్తి చూసుకున్నారు, తట్టి చూశారు. దారిపట్టీల మీద ఏమీ లేదు. ఒకాయన ఎటు వెళ్ళాలో తోచక నాలుగు అడుగులు ముందుకి, రెండు వెనక్కి వేసి, చివరికి నూనె వాసన పట్టుకుని బండి దాకా వచ్చాడు. ఆయన వెనకే ఆఫీసు సంచీతో ఒక యువతి.

"ఇది బాగుంటుందా అండీ?" ఆయన హైమవతిని అడిగాడు, భయంగా.

"నాకు తెలియదు. తిని మీరే చెప్పండి."

ఆయన ముక్క తుంచి, చాలాసేపు నమిలాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఉప్పు... కొంచెం ఎక్కువైనట్టుంది," అన్నాడు, తప్పు చేసినవాడిలా చుట్టూ చూస్తూ.

"ఉప్పెక్కువనా!" ఎల్లవ్వ అట్లకాడ ఎత్తింది. "నలభై ఏండ్ల సంది చేస్తున్న!"

యువతి కూడా ఒక ముక్క తిని తల అడ్డంగా ఊపింది. "నాకట్ల అనిపిస్తలేదు. నాకు సరిపోయింది."

"లేదండీ, ఎక్కువే." ఈసారి ఆయన గొంతులో బెదురు లేదు. ఇంకో ముక్క తుంచాడు.