ఐసు ఫ్యాక్టరీ ఎత్తు మీద తోపుడు తాత

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో "ఊరుకోండి తాతగారూ" అంటే మాత్రం నేను ఊరుకోను. ఇదివరకు ఒక పెద్దమనిషి అలాగే అన్నాడు. కథ సగానికొచ్చేసరికి నా పక్కకి జరిగాడు. చివరికొచ్చేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు. అది విడిపించుకునేసరికి నాకు తెల్లారింది.

ఆ దీవికి వెళ్ళినవాళ్ళకి తెలిసే ఉంటుంది. చుట్టూ సముద్రం, సముద్రం వెంటే నల్లటి తారు రోడ్డు. సైకిలు తొక్కేవాడికి అంతకంటే సుఖమైన రోడ్డు ఇంకెక్కడా ఉండదు — ఒక్క చోట తప్ప.

పడమటి వైపు ఆ రోడ్డు ఉన్నట్టుండి సముద్రాన్ని వదిలేసి, గోడెక్కినట్టు కొండెక్కుతుంది. కొండ నెత్తిన ఎప్పుడో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ. కిటికీలకి అద్దాల్లేవు. తుప్పుపట్టిన గొట్టాలు గోడల్లోంచి బయటికి వేలాడుతుంటాయి. చీకటి పడితే అటు కుక్క కూడా పోదు. పోయిన కుక్క ఒకటి, బతికినన్నాళ్ళూ వెనక్కి చూసుకుంటూనే నడిచిందట.

అలాంటి ఎత్తు మీదకి... చీకట్లో... ఒంటరిగా... నేను!

సరే, మొదట్నుంచీ చెప్తాను.

సెలవులకని నలుగురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మా బావమరిది. సముద్రానికి ఎదురుగా ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిపించి, దాని మీద దీవి పటం పరిచాను. గాలికి ఎగరకుండా ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల మా ఆవిడ కళ్ళజోడు, ఒక మూల మా బావమరిది మోచెయ్యి. నాలుగో మూల నేనే.

"రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం," అన్నాను పెన్సిలు తీసి. "ఎదురుగాలి లేచేలోగా పడమటి వైపు అయిపోవాలి. దీపస్తంభం దగ్గర విశ్రాంతి. దీవి మొత్తం చుట్టేసి సాయంత్రం టీకి ఇంట్లో ఉంటాం."

"ఇక్కడ గీతలన్నీ దగ్గరదగ్గరగా నల్లగా ఉన్నాయి, అదేంటి బావా?" అన్నాడు మా బావమరిది.

"ఎత్తు."

"మరి దాని మీంచి అంత తిన్నగా గీసేశావేం?"

"నేను ఎక్కేది అంత తిన్నగానే."

"దిగేదెలాగో పోయిన ఏడాది చూశాం కదా!"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పోయిన ఏడాది మా వీధి మలుపులో నేను సైకిలుతో సహా మురుక్కాలవలోకి దిగాను. 'పడ్డాడు' అని వీళ్ళు ఊరంతా చాటారు. పడలేదు. ఎదురుగా లారీ వస్తుంటే దారిచ్చాను. ఆ లారీ పొద్దుట్నుంచీ అక్కడే ఆగి ఉందని తరవాత తెలిసింది, అది వేరే విషయం.

ఆ రోజు నుంచీ మా అమ్మాయికి నా సైకిలంటే హడలు. ఏ సైకిలు? నా పెళ్ళికి ముందునుంచీ నాతో ఉన్న సైకిలు. మా ఆవిణ్ణి ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పిన సైకిలు. ఈ అమ్మాయినే బడికి తీసుకెళ్ళిన సైకిలు. దాన్ని తీసేద్దామని ఏడాదిగా పోరు.

మా అమ్మాయి పటం మీద, సరిగ్గా ఆ నల్లటి చోట, వేలు పెట్టింది.

"నాన్నా, ఒకటే మాట. రేపు ఈ ఎత్తు కాలు కింద పెట్టకుండా ఎక్కు. ఎక్కావా, నీ సైకిలు జోలికి ఇంక నేను రాను. ఎక్కలేకపోయావా... ఇంటికెళ్ళగానే దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం. సరేనా?"

మా బావమరిది బిస్కెట్టు నములుతూ నా వైపు తిరిగాడు.

"ఒంటికాలితో ఎక్కుతాను!" అన్నాను.

"రెండూ వాడుకో నాన్నా. ఫరవాలేదు."

సాయంత్రం సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టుకి వెళ్ళాం. కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. తరవాత మా ఆవిడ వైపు చూశాడు. వాళ్ళిద్దరూ లోపలికెళ్ళి చాలాసేపు గుసగుసలాడారు. బేరం కాబోలని నేను పట్టించుకోలేదు.

చివరికి ఒక ఆకుపచ్చ సైకిలు నడిపించుకొచ్చాడు. దాని కడ్డీకి బిగించి పొడుగాటి నల్ల సంచీ ఒకటి.

"ఇందులో ఏముంది?"

"నా సామాను," అంది మా ఆవిడ. "మందులూ, తువ్వాలూ. మీరు దాన్ని ముట్టుకోకండి."

సైకిలు ఎత్తి చూశాను. ఏనుగు పిల్లంత బరువు.

"ఎటు పోతారు సార్?" అన్నాడు కొట్టతను టైరుకి గాలి కొడుతూ.

"ఐసు ఫ్యాక్టరీ మీదుగా."

గాలి కొట్టే చెయ్యి ఆగిపోయింది.

"పగలైతే పర్లేదు లెండి..." గొంతు తగ్గించాడు. "ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో రేవు నుంచి చేపల బళ్ళన్నీ ఆ ఎత్తెక్కాల్సిందే. కింద ఒక ముసలాయన నిలబడి ఉండేవాడు. తోపుడు తాత అనేవాళ్ళు. వచ్చిన ప్రతి బండికీ వెనకాల చెయ్యేసి పైదాకా తోసేవాడు. ఒక్క పైసా పుచ్చుకునేవాడు కాదు. పైకెక్కాక ఒక్కటే అడిగేవాడు — 'ఎవరి బలం?' అని. 'నీదే తాతా' అనాలి. మురిసిపోయి దిగిపోయేవాడు."

"అనకపోతే?"

"చెయ్యి తీసేసేవాడు." కొట్టతను అరచెయ్యి గాల్లో పెట్టి, సర్రున కిందికి జార్చి చూపించాడు. "ఫ్యాక్టరీ పోయింది. తాతా పోయాడు. అలవాటు మాత్రం... పోలేదంటారు."

నేను నవ్విన నవ్వుకి ఆ కొట్లో వేలాడదీసిన టైర్లన్నీ ఊగాయి.

రాత్రి భోజనాలయ్యాయి. అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రాలేదు. భయమనుకునేరు! పథకం. యుద్ధానికి ముందు యుద్ధభూమిని చూసి రావడం వీరుల పద్ధతి. ఎవరూ చూడకుండా ఒక్కసారి ఎక్కి చూసుకుంటే, రేపు కళ్ళు మూసుకుని ఎక్కొచ్చు.

చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోంచి బయల్దేరాను.

అక్కడ... బ్రెడ్డు డబ్బా వెనకాల... చీకట్లో... ఒక ఎర్రటి కన్ను!

రెప్ప వెయ్యడం లేదు. నన్నే చూస్తోంది. పిల్లి కాబోలని "ఛీ ఫో" అన్నాను. కదల్లేదు. నేనే కదిలాను.

వరండాలోంచి సైకిలెత్తి మెట్లు దించాను. సాయంత్రం ఏనుగు పిల్లలా ఉన్నది ఇప్పుడు మేకపిల్లలా తేలిపోయింది. సముద్రపు గాలికి ఇంత తొందరగా కండలు పెరుగుతాయా అని నాకే ముచ్చటేసింది.

పల్చటి వెన్నెల. రోడ్డు మీద నేనూ, నా నీడా. ఎత్తు మొదలైంది.

మొదటి మలుపు గాలిలా దాటాను. రెండో మలుపులో ఆ గాలి కొంచెం తగ్గింది. మూడో మలుపుకి నా మోకాళ్ళు రెండూ ఒకదాన్నొకటి తిట్టుకోవడం మొదలెట్టాయి. పెడలు కిందికి దిగదు. హ్యాండిలు అటూ ఇటూ ఊగుతోంది. పైన ఫ్యాక్టరీ కిటికీలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి.

ఇంక లాభం లేదు. కాలు పెట్టేద్దామని పెడలు మీంచి తీశాను —

అప్పుడు.

నా వీపు మీద ఒక చెయ్యి పడింది.

చల్లగా... ఐసుగడ్డలా...

సైకిలు కదిలింది. పైకి! గబుక్కున కాలు మళ్ళీ పెడలు మీద పెట్టాను. నేను తొక్కుతుంటే తోస్తోంది... ఆపితే ఆగుతోంది... వెనక్కి చూద్దామంటే మెడ నా మాట వినలేదు. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు లేదు. నా గుండె చప్పుడొక్కటే — దానికి కింద రేవులో పడవలవాళ్ళు తుఫాననుకుని లంగర్లు వేశారట.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చాం. నా చెవి వెనకాల... గాలా? గొంతా?

"ఎవ...రి... బలం?"

పుట్టుకతో వచ్చిన అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాదే!"

చెయ్యి తప్పుకుంది.

సర్రున వెనక్కి! మూడు మలుపులూ వెనక్కే తిరిగాను. జనం ముందుకు పోతూ తిరగలేని మలుపులు, వీపుతో చూసుకుంటూ తిరిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. కింద మైలురాయికి చక్రం తగిలి ఆగాను.

అక్కణ్ణుంచే పారిపోవచ్చు. కానీ ఊళ్ళో మా ఇంటి వరండాలో నిలబెట్టి వచ్చిన నా సైకిలు కళ్ళముందు మెదిలింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ మూడో మలుపు. మళ్ళీ చెయ్యి. మళ్ళీ గేటు.

"ఎవరి... బలం?"

న్యాయంగా ఆలోచించాను. తొక్కింది నేను కాదూ?

"సగం నీది... సగం నాది."

సరిగ్గా సగం ఎత్తు వెనక్కి జారాను. ఆ తాత లెక్కల మనిషి.

మూడోసారి అడగనివ్వలేదు. గేటు అల్లంత దూరాన ఉండగానే అరిచేశాను — "నీదే తాతా! అంతా నీదే! నా దగ్గరేం లేదు!"

వీపు మీద రెండుసార్లు తట్టింది... మెల్లగా... పిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు.

తరవాత నేను ఇంటికి దిగిన వేగానికి ఒడ్డున అలలు పక్కకి తప్పుకున్నాయి.

తెల్లారింది. అందరూ సైకిళ్ళు తుడుచుకుని, సీసాల్లో నీళ్ళు నింపుకుని తయారు. నేను దుప్పట్లోంచి "రాను" అన్నాను.

"ఒంటికాలితో ఎక్కుతానన్నావు కదా బావా," అన్నాడు మా బావమరిది. "ఏ కాలు ఒప్పుకోవడం లేదు?"

"నా సైకిలు... ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేయండి."

వాడి నవ్వు అక్కడే ఆగిపోయింది. మా అమ్మాయి మొహం చూశాను. గెలిచిన మనిషి మొహంలా లేదది.

మా ఆవిడ వాళ్ళిద్దర్నీ బయటికి పంపి తలుపేసింది. మంచం మీద కూర్చుంది.

"రాత్రి ఎక్కడికెళ్ళారు? చెప్పులనిండా ఇసకేంటి?"

అంతా చెప్పాను. చెయ్యి సంగతి చెప్పాను, గొంతు సంగతి చెప్పాను. వెనక్కి జారిన సంగతి మాత్రం... ఎందుకులే అని వదిలేశాను. ఆవిడ తల దించుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాపం, నా కోసం ఏడుస్తోందనుకున్నాను.

నవ్వుతోంది!

"దెయ్యమూ లేదు, మీ మొహమూ లేదు," అంది గుసగుసగా. "అది బ్యాటరీ సైకిలండీ. మీరు తొక్కితే మోటారు తోస్తుంది, ఆపితే ఆగుతుంది. నేనే కొట్టతన్ని బతిమాలి ఇప్పించాను. బ్యాటరీ ఆ నల్ల సంచీలో ఉంటుంది."

"నన్ను... నన్ను మోసం చేశావా?"

"చెప్తే ఎక్కేవారా? ఆ పాత సైకిలు లేకపోతే మీరెలా అయిపోతారో నాకు తెలీదా?"

దుప్పటి కాస్త కిందికి దించాను.

"మరి ఆ గొంతు?"

"తుప్పు గొట్టాల్లో గాలి."

"చల్లటి చెయ్యి?"

"చెమటచొక్కాకి సముద్రపు గాలి తగిలితే చల్లగా కాక సలసలా కాగుతుందా? లేవండి ముందు!"

లేచాను.

మా ఆవిడా, మా అమ్మాయీ ముందే కారు మాట్లాడుకుని, తమ సైకిళ్ళు దాని మీద వేయించుకుని, కొండ మీదకెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణుంచి చూస్తే మూడు మలుపులూ కనబడతాయి. నా కాలు ఎక్కడ కింద పడుతుందా అని మా అమ్మాయి కాపలా.

తొక్కాను. చక్రంలోంచి జుయ్యిమని సన్నటి చప్పుడు. ఏనుగు పిల్ల కాస్తా గుర్రమైంది! మొదటి మలుపు, రెండో మలుపు... మా బావమరిది సైకిలు దిగి, దాన్ని చంటిపిల్లాడిలా నడిపించుకుంటున్నాడు.

"బావా... ఆగు బావా... పొద్దున్న ఏం తిన్నావు?"

"అభ్యాసం!" అని అరిచి పైకెళ్ళిపోయాను.

గేటు దగ్గర మా అమ్మాయి గంతులేస్తోంది. "పెట్టలేదు! నాన్న కాలు పెట్టలేదు! ఈ వయసులో ఎవరిచ్చారు నాన్నా నీకు ఇంత బలం?"

ఛాతీ దానంతటదే పొంగింది. "నా—" అనబోయాను.

సైకిలు జానెడు వెనక్కి జరిగింది.

బ్రేకులు రెండూ నా గుప్పిట్లోనే ఉన్నాయి.

మా ఆవిడ వైపు చూశాను. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"మీ అమ్మ," అన్నాను. "ఇదంతా... మీ అమ్మ బలమే."

తను పుట్టాక నా నోట అలాంటి మాట మొదటిసారి విన్నది మా అమ్మాయి. నోరు తెరుచుకుని వాళ్ళమ్మని చూసింది, నన్ను చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"సైకిలు ఉంచుకో నాన్నా," అంది. "కాలవ వైపు మాత్రం పోకు."

సాయంత్రం, పటం మీద గీసినట్టే, టీ వేళకి ఇంట్లో ఉన్నాం. నేనూ మా ఆవిడా వరండాలో కూర్చున్నాం. ఆవిడ సంచీ విప్పుతూ అంది —

"నయం, రాత్రి ఛార్జింగు పెట్టాను. అతను ఇచ్చినప్పుడు బొత్తిగా లేదు."

"రాత్రి... ఎప్పుడు పెట్టావు?"

"భోజనాలకి ముందే బ్యాటరీ తీసేశాను కదా. మీ కంట పడకూడదని వంటింట్లో బ్రెడ్డు డబ్బా వెనకాల పెట్టాను. సంచీ చిక్కిపోయినట్టుంటే కనిపెడతారని తువ్వాలు కుక్కాను. పొద్దున మీరు దుప్పట్లో ఉన్నప్పుడే మళ్ళీ పెట్టేశాను. రాత్రంతా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, మీరు చూళ్ళేదూ?"

చూశాను.

పొద్దున నాకు చెప్పినదానికీ దీనికీ పొత్తు కుదరదని ఆవిడకి తట్టనే లేదు. నేను కప్పు కింద పెట్టేశాను. మేకపిల్లంత బరువు గుర్తొచ్చింది. పొద్దున విన్న ఆ జుయ్యిమనే చప్పుడు... రాత్రి లేదని గుర్తొచ్చింది.

నా సైకిలు ఇప్పటికీ మా వరండాలోనే ఉంది. ఏ ఎత్తెక్కినా, పైకి చేరాక అటూ ఇటూ చూసి, ఒక చిన్న మాట అనేసి కదుల్తాను. మర్యాద కదా.

ఇంకా అనుమానమేనా? సాక్షి ఉన్నాడు. మా ఆవిణ్ణి అడక్కండి, నవ్వుతుంది. మా బావమరిదిని అడక్కండి, మాట మార్చేస్తాడు. చీకటి పడ్డాక మీరే సైకిలేసుకుని ఆ ఎత్తెక్కండి. మూడో మలుపులో కాలు తియ్యండి. వీపు మీద చెయ్యి పడుతుంది... వెనక్కి తిరక్కుండా నా సంగతి అడగండి. ఒకే రాత్రి తను మూడుసార్లు తోసిన మనిషిని ఆయన మర్చిపోడు.

పేరు — తోపుడు తాత.