కొత్తకన్ను

2091 నాటికి పరదేశంలో దారి తప్పడమన్నది తాతల కాలపు ముచ్చట అయిపోయింది.

వల్పరాయిసో స్టేషన్లో రైలు ఆగగానే, నానా దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రకారంతా పెట్టెలు లాక్కుంటూ చకచకా దిగిపోయారు. ఒక్కరూ తలెత్తి బోర్డు చూడలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు. జీవితంలో మొదటిసారి అడుగుపెట్టిన ఊళ్ళో, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళలా ఎవరి సందులోకి వాళ్ళు మళ్ళిపోయారు. అదంతా ఊరెరుక మహిమ.

ప్లాట్‌ఫారం మీద నోరు తెరుచుకుని నిలబడిపోయింది గేదెల తరళ ఒక్కతే.

పార్వతీపురం నుంచి చిలీ దేశం దాకా వచ్చిన ఆ అమ్మాయికి ఇంకా ఊరెరుక ఎక్కించలేదు. మనిషి ఒక వీధిలో పదే పదే తిరిగితే, మెదడులోని స్థానకణాలు, అంటే ప్లేస్ సెల్స్, ఆ వీధిని ఒక పటంలా గీసుకుంటాయి. ఊళ్ళో చిరకాలంగా ఉంటున్నవాళ్ళ నుంచి ఆ పటాన్ని సేకరించి, చెవి వెనక అంటించే చిన్న బిళ్ళ ద్వారా కొత్తవాళ్ళ మెదడుకు అందించడమే ఊరెరుక. అది ఎక్కితే కాళ్ళకు దారులు తెలుస్తాయి, కళ్ళకు బెదురు పోతుంది. మిగతావాళ్ళంతా తమ తమ దేశాల్లోనే ఎక్కించుకుని విమానమెక్కారు. తరళకు మాత్రం ఆ యంత్రం పుట్టిన ప్రయోగశాలలోనే పరిశోధనకు సీటు వచ్చింది. అందుకని ఇక్కడికి వచ్చాకే ఎక్కిస్తామన్నారు.

"ఏటి పాపా, అలగ నిలబడిపోనావు? బేగి రా, లిఫ్టు ఎల్లిపోద్ది!"

తరళ ఉలిక్కిపడి చూసింది. ఎదురుగా పొడవాటి తెల్లజుట్టు ఆవిడ. పేరు మార్సెలా. ఒకప్పుడు పిల్లలకు ఈత నేర్పేది. తరళకు గది ఇచ్చేది ఆవిడే, తన ఊరెరుకను దానం చేయబోయేదీ ఆవిడే. ఆవిడ స్పానిష్‌లోనే మాట్లాడింది. ఇద్దరి చెవుల్లోనూ మాటలు అనువదించే భాషాగుళికలున్నాయి. తరళదాన్ని వాళ్ళ నాన్న బయలుదేరేముందు సొంత ఊరి యాసకు అమర్చాడు. దాంతో చిలీ దేశపు మార్సెలా పార్వతీపురం సంతలో పెద్దమ్మలా పలికింది. తరళకు నవ్వాగలేదు.

ఆ లిఫ్టు మామూలు లిఫ్టు కాదు. ఏటవాలు పట్టాల మీద కొండపైకి పాకే చెక్కగది. అది కదలగానే కింద ఇళ్ళ కప్పులు ఒక్కొక్కటీ జారిపోయి, వాటి వెనక నుంచి సముద్రం పైకి లేచింది. ఓడలు, ఎర్ర గోడలు, నీలం గోడలు, మెట్ల మీద ఎండకు పడుకున్న కుక్కలు!

"ఓలమ్మో!" అని అరిచేసింది తరళ.

లిఫ్టులో ఉన్నవాళ్ళెవరూ కిటికీవైపు చూడలేదు. మార్సెలా కూడా చూడలేదు. ఆవిడ తరళ మొహాన్నే చూస్తోంది.

"ఏటుందే అంతలా అందులో?" అనడిగింది నిజంగానే తెలియనట్టు.

"అదేంటి మార్సెలాగారూ, సముద్రం! మీకు రోజూ కనిపిస్తుందా ఇది?"

"కనిపించడమేటి, ఎప్పుడూ అక్కడే పడుంటాది కదా," అంది ఆవిడ. తర్వాత ఏమనుకుందో గాని, తనూ ఒకసారి తల తిప్పి చూసింది. చూసి, ఏమీ దొరకనట్టు మళ్ళీ తరళవైపు తిరిగింది.

ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ అరాయా. మనిషి నెమ్మది, మాట ఖచ్చితం. గుళికతో పని లేకుండా తరళతో ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. తరళ చెవి వెనక ఖాళీ బిళ్ళ ఒకటి అంటించి చెప్పాడు.

"ఎక్కించేముందు మీ మెదడు కొత్త స్థలాన్ని ఎలా అందుకుంటుందో యంత్రానికి తెలియాలి. ఒక వారం తిరగండి. ఇది రికార్డు చేసుకుంటుంది. ఆ తర్వాత మార్సెలాగారి పటం మీకు వచ్చేస్తుంది."

ఆ వారం తరళ తిరిగినట్టు ఆ ఊళ్ళో ఎవరూ తిరిగి ఉండరు. వీధి అనుకుని మెట్లెక్కి ఎవరింటి వంటగదిలోకో వెళ్ళిపోయింది. వాళ్ళు తిట్టలేదు, కూర్చోబెట్టి కజ్జికాయలా ఉన్న ఎంపనాడా చేతిలో పెట్టారు. కొరికితే లోపల కొబ్బరి, బెల్లానికి బదులు మాంసం, ఉల్లిపాయ! రేవులో సముద్ర సింహాలు, అంటే సీ లయన్స్, ఒకదానిమీద ఒకటి పడి పోట్లాడుకుంటుంటే పొద్దు వాలేదాకా చూస్తూ ఉండిపోయింది. ఓ గోధుమరంగు కుక్క ఆమెకు దారి చూపించబోయి, తనూ దారి తప్పి, చివరికి ఇద్దరూ కలిసి మార్సెలా ఇల్లు వెతుక్కున్నారు. ఇంటికి చేరిన ప్రతిసారీ మార్సెలా తలుపు దగ్గరే పట్టుకునేది.

"కూకో. ఇయ్యాల ఏటి చూసినావో సెప్పు."

తరళ చేతులు ఊపుతూ చెప్పేది. తన ఊరి గురించి తనకే ఎవరో కథ చెబుతున్నట్టు మార్సెలా వినేది.

వారం ముగిశాక ప్రయోగశాలలో రెండు కుర్చీలు పక్కపక్కనే వేశారు. ఒకదాంట్లో మార్సెలా, ఒకదాంట్లో తరళ. బిళ్ళలకు తీగలు తగిలిస్తుంటే తరళ తల పక్కకు జరిపింది.

"సార్, నాకిది వద్దు."

అరాయా చేతులు ఆగాయి. "భయమా?"

"కాదు సార్. ఇప్పుడిది ఎక్కిస్తే రేపటి నుంచి ఆ సముద్రం నాకు ఎప్పుడూ అక్కడే పడి ఉండేదైపోతుంది. ఇంకా చూడాల్సింది చాలా ఉంది."

"మీ ఉత్సాహం నాకర్థమైంది. కానీ అది ఎన్నాళ్ళో ఉండదు. అది పోయాక వచ్చేది బెంగ. ఇది కనిపెట్టకముందు నా విద్యార్థుల్లో ఎంతమంది చదువు మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారో నేను చూశాను. అందుకే నియమం పెట్టాం. ఎక్కించుకోనివాళ్ళకు ఇక్కడ సీటు ఉండదు."

తరళకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ సీటు కోసం ఎంత చదివింది! అయినా బుర్ర ఊరుకోలేదు.

"సార్, ఒక్క సందేహం. ఈ యంత్రం అటు నుంచి ఇటే పంపుతుందా? ఇటు నుంచి అటు పంపదా?"

"పంపగలదు. తీగ మార్చడమే. కానీ కొత్తవాళ్ళ మెదడులో ఏముంటుంది? సగం గీసిన పటం, బోలెడు కంగారు, ఆశ్చర్యం. అది ఎవరికి కావాలి?"

"నాకు కావాల," అంది మార్సెలా.

ఇద్దరూ ఆవిడవైపు తిరిగారు.

"ఈ గుంట వచ్చిన కాడి నుండి చూస్తన్నాను. దీని మొకంలో ఏదో ఎలుగు. అదే సముద్రం, అవే మెట్లు. దీనికి కనిపించింది నాకెందుకు కనిపించదు? నాకియ్యండి బాబూ!"

అరాయా చాలాసేపు వాదించాడు. చివరికి ఆయనలోని శాస్త్రవేత్తే గెలిచాడు. తెలుసుకోవాలన్న దురద ఆయనకూ పుట్టింది. పాత పటం చెరిగిపోదు, దాన్ని కప్పేస్తూ పల్చటి పొరలా కొత్తది కొన్ని వారాలు నిలిచి వెలిసిపోతుంది, ప్రమాదం లేదు అని రెండుసార్లు సరిచూసుకుని తీగ మార్చాడు.

మార్సెలా కళ్ళు తెరిచింది. మామూలుగానే లేచింది. తలుపు తీసి వరండాలోకి వెళ్ళింది. కింద ఎండలో సముద్రం తళతళలాడుతోంది.

"ఓలమ్మో!"

భాషాగుళిక అనువదించిన మాట కాదది. ఆవిడ నోటి నుంచే, అచ్చ తెలుగులో వచ్చింది. గట్టు పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, తరళ చెయ్యి గుంజింది. "అదేటది? ఆ ఎర్రదేటి? పద, దిగి చూద్దాం పద!" పుట్టిన దగ్గర నుంచి ఆ ఊరు దాటని మనిషి, ఆరోజు తనింటికి తాను వెళ్ళలేక తరళ వెనక నడిచి వెళ్ళింది.

అరాయా ఆ రాత్రే తరళ విషయంలో ఆ నియమాన్ని వాయిదా వేశాడు. ఈ వింతకు మూలం ఆమె ఒక్కతే మరి. దానికి తరళే 'కొత్తకన్ను' అని పేరు పెట్టింది.

కబురు కొండ కొండకూ పాకింది. మార్సెలా మొహం చూసిన ఇరుగుపొరుగు వచ్చారు. వాళ్ళ మొహాలు చూసి వాళ్ళ బంధువులు వచ్చారు. చలికాలం వచ్చేసరికి ప్రయోగశాల మెట్ల కింద దాకా వరస. లిఫ్టు పైకి పాకుతుంటే లోపలున్నవాళ్ళంతా కిటికీలకు అతుక్కుపోయి "ఓలమ్మో!" అని ఒక్క గొంతుతో అరిచేవారు. ముసలి భార్యాభర్తలు తమ వీధి చివర చేతులు పట్టుకుని నిలబడేవారు. కొత్తవాళ్ళకు బెరుకు పోగొట్టడానికి కనిపెట్టిన యంత్రం ముందు, ఆ బెరుకే కావాలని ఊరు ఊరంతా బారులు తీరింది.

దారి చెప్పేవాళ్ళే కరువయ్యారు. ఊరెరుకతో వచ్చిన విద్యార్థులకు ఎవర్నీ పలకరించే అలవాటు లేదు, చెవుల్లో పాటలు పెట్టుకుని సాగిపోయేవారు. అందుకని జనం తరళను ఆపేవారు. "అమ్మా, చేపల బజారుకి ఎలగెళ్ళాల?" "ఈ మెట్లు రేవుకి దిగుతాయా?" తరళ అందరికీ చెప్పేది, కొందరిని చెయ్యి పట్టుకుని దింపేది. అరాయా కూడా కొత్తకన్ను ఎక్కించుకుని, ఓరోజు తనింటికి రెండు వీధుల అవతల మైమరచి నిలబడి కనిపిస్తే, నవ్వుకుంటూ ఇల్లు చేర్చింది.

ఒక ఉదయం ప్రయోగశాల తలుపు తోస్తూ తరళ చటుక్కున ఆగిపోయింది. ఇంటి నుంచి ఇక్కడి దాకా వచ్చింది. దారిలో సముద్రం ఉందా? ఉండే ఉంటుంది. తను చూడలేదు. కాళ్ళే నడిపించుకొచ్చాయి, బుర్ర ఇంకేదో ఆలోచించుకుంటూ కూర్చుంది. వెనక్కి పరుగెత్తి వరండాలో నిలబడి చూసింది. నీళ్ళు. ఓడలు. అంతే.

"సార్!" గబగబా అరాయా దగ్గరికి వెళ్ళింది. "నాకెవరూ ఎక్కించకుండానే ఎక్కేసింది."

అరాయా పకపకా నవ్వాడు. "మరి బెంగ?"

తరళ ఆలోచించింది. "అది వచ్చే తీరిక ఎక్కడిచ్చారు సార్, ఈ ఊరివాళ్ళు? ఇంతకీ నా మొదటి వారం మీ దగ్గరే ఉంది కదా. నాకోసారి ఇవ్వరూ?"

"ఇవ్వకేం? అది మీ సొత్తే. కానీ వరసలో రావాలి. బయట వాళ్ళంతా తెల్లారకముందు నుంచి నిలబడ్డారు."

తన ఆశ్చర్యం కోసం తానే వరస కట్టాల్సి వచ్చినందుకు నవ్వుకుంటూ, తరళ మెట్లు దిగి చిట్టచివర నిలబడింది. ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి పలకరింపుగా నవ్వాడు. మరోసారి ఎక్కించుకోవడానికి వచ్చినట్టున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు.

"ఏ ఊరు తల్లీ నీది?"

తరళ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. చెయ్యెత్తి ఎదుటి కొండ చూపించింది.

"అదిగో తాతా, ఆ నీలం గోడ పక్కిల్లే."