తాళం కోసిన బావ

మా బావకి వచ్చిన పనులు రెండే: మీసం దువ్వుకోవడం, ఎదుటివాణ్ణి వెధవని చెయ్యడం. ఆ అర్హతలతోనే కాగితాల మిల్లులో సూపర్‌వైజరయ్యాడు. నేను అక్కడే ఎలక్ట్రీషియన్ని. అక్క మొగుడు కదాని భరిస్తున్నాను.

ఆ రోజు మిల్లుకి సెలవు. మధ్యాహ్నం మూడయింది. ఇనప గూడులో ఉండే పెద్ద ఫ్యానుకి కొత్త డ్రైవు బిగిస్తున్నాం. డ్రైవంటే మోటారు వేగాన్ని పెంచి తగ్గించే పెట్టె. పొద్దున్నే అట్టపెట్టెలోంచి తీసి గోడకెక్కించాం. ఇందాకే ఒకసారి కరెంటిచ్చి, దీపం వెలిగిందని చూసి, మెయిన్ స్విచ్చి ఆపేశాను. దానికి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాను. మోటారు వైర్లింకా కలపలేదు. చివరలు నేలమీద పడున్నాయి.

"పది నిమిషాలాగు బావా. మెయిన్ ఆపినా డ్రైవులో ఛార్జి మిగిలే ఉంటుంది. చెయ్యి పెడితే మసే."

"పుస్తకం చూసి పని చేసేవాడూ ఒక పనివాడేనేంట్రా?"

గాడిదకేం తెలుసు గంధపు వాసన! నిరుడు ఈ ఫ్యాను రెక్కలు తుడవడానికే పెద్ద ఫిట్టరు గూడులోకి దిగాడు. మెయిన్‌కి తన తాళం వేసుకునే దిగాడు. బావకి తొందర. కట్టరు తెచ్చి తాళం కోసి మోటారు తిప్పాడు. లోపలున్న ఫిట్టరు రెక్కల కింద పడి పోయాడు. ఫిట్టరే తాళం వెయ్యడం మరిచాడని రిపోర్టు రాశాడు. కోసిన ముక్కలు నేను చూశాను. అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను. అందుకే బావ మీద ఉమ్మినప్పుడల్లా కొంత నా మీదా పడుతుంది.

గది ఉన్నట్టుండి చల్లబడింది. తడి కాగితం వాసన. దాని వెనకే ఇంకోటి... నెత్తుటి వాసన.

ఠక్. ఠక్. ఠక్.

గూడు లోపల్నుంచి. లోపల మనిషున్నాడని చెప్పడానికి ఫిట్టర్లు అలాగే తడతారు.

"ఎవరో ఉన్నారు బావా..." అన్నాను గుసగుసగా.

"ఎలుకలు. ఉండు, చూపిస్తా పిరికి సన్నాసీ."

మూత తీసి, టార్చి పట్టుకుని, పాక్కుంటూ దూరాడు.

"చూశావా? ఎవడూ లేడు! ఎవడూ..."



రెక్కల షాఫ్టు కదిలింది. నెమ్మదిగా... వైర్ల చివరలు నేలమీదే ఉన్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉంది. అయినా తిరుగుతోంది.

ఒక్క క్షణం... తిరగనీ అనుకున్నాను.

తర్వాత అక్క గుర్తొచ్చింది. బావ కాళ్ళు దొరకబుచ్చుకుని బయటికి లాగాను. ఒంటి మీద గీత కూడా లేదు. మీసం మాత్రం వణుకుతోంది.

"ఇరుకుగా ఉంది, కొంచెం జరుగు... అన్నాడ్రా."

"ఎవరు?"

టార్చి కూడా తీసుకోకుండా బయటికి నడిచాడు.

మర్నాడు తనంతట తనే ఆఫీసుకెళ్ళి, తాళం కోసింది తనేనని రాసిచ్చాడు. ప్రాణం మీదికొస్తే గానీ నిజం నోట రాని జాతి. కింద సాక్షిగా నేనూ సంతకం పెట్టాను. నేను మాత్రం ఏం గొప్ప?

వారం తర్వాత, మోటారు కలపకుండానే, డ్రైవుకి మళ్ళీ కరెంటిచ్చి చూశాను. మోటారు ఎన్ని గంటలు నడిచిందో ఆ డ్రైవు లెక్క చూపిస్తుంది. ఆ లెక్క పెరగడమే గానీ తగ్గడం ఉండదు. కొత్తది కదా, సున్నా ఉండాలి. నలభై మూడు అని ఉంది. పాడైందేమోనని గంటాగి మళ్ళీ చూశాను.

నలభై రెండు.