ఆఖరి ఇంటి నల్లా

హలో... హలో! వినపడుతోందా? ఆఁ, అందరూ బాగున్నారా? చాయ్ తాగారా? జర పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టకండి, ఒక కథ చెప్తాను.

నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే లొల్లి. మెయింటెనెన్స్ మళ్ళీ పెంచారట. "ఎందుకు కట్టాలి? మాకేం ఒరిగింది?" అని ఒకాయన పొద్దటి నుంచి మెసేజుల మీద మెసేజులు. చదువుతుంటే నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. సారంగపాణి గుర్తొచ్చాడు.

ఎనభై ఐదో సంవత్సరం. కాజీపేట నుంచి మడికొండ పోయే తొవ్వలో, అప్పటికి మూడేళ్ళ కింద, రైల్వే వాళ్ళు నలభై రెండు ఇళ్ళు కట్టుకున్నారు. మున్సిపాలిటీ నల్లా అక్కడి దాకా రాదు. అందుకని అందరూ కలిసి ఒక సొసైటీ పెట్టుకుని, బావి తవ్వించి, మోటరు బిగించి, ఇంటింటికీ పైపు వేసుకున్నారు. దానికే నెలనెలా చందా. ఆ సొసైటీకి సెక్రెటరీ సారంగపాణి. ఇరవై ఆరేళ్ళవాడు, స్టేషన్లో పార్సిల్ క్లర్కు. జీతం లేని ఆ పదవి ఎవరూ తీసుకోకపోతే, మీటింగుకు ఆలస్యంగా వచ్చాడని అతనికి అంటగట్టారు.

ప్రతి నెలా మొదటి ఆదివారం రసీదు బుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. గుట్ట పక్కన ఎత్తు మీదుండే ఆఖరి ఇల్లు గూడ్స్ గార్డు సాంబయ్యది. ఆయన స్టేషన్లోనే చందా ఇచ్చేసేవాడు కాబట్టి ఆ గడప తొక్కే అవసరం ఎప్పుడూ రాలేదు. జూన్ నెలలో ఆ ఆదివారానికి ఆయన డ్యూటీ నుంచి ఇంకా తిరిగి రాలేదు. సారంగపాణే ఎత్తెక్కి తలుపు కొట్టాడు.

తలుపు తీసింది సాంబయ్య కూతురు భద్ర. డిగ్రీ పరీక్షలు రాసి రిజల్ట్ కోసం చూస్తోంది. కొంగు నడుముకు చుట్టి, చేతిలో చీపురుతో ఉంది.

"ఎవరు కావాలె?"

"సొసైటీ నుంచి అచ్చిన. చందా."

"ఎంత?"

"ఎనిమిది."

"పోయిన నెల ఐదే ఉండె గదా?"

"మీటింగ్ల పెంచిండ్రు."

"ఎవరు పెంచిండ్రు?"

"అందరు."

"మేం రాలే గద మీటింగ్‌కు. మరి అందరు ఎట్లయితరు?"

సారంగపాణి పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"జర గిటు రాండ్రి సెక్రెటరీ సాబ్." పక్కన రేకుల కింద గోడకున్న నల్లా చూపించింది. "ఇప్పుండ్రి."

ఇప్పాడు. నల్లా బుస్సుమంది. ఇంకాస్త ఇప్పాడు. లోపలి నుంచి ఒక సాలీడు బయటకొచ్చి, నిద్ర చెడగొట్టింది ఎవరన్నట్టు చూసి, మళ్ళీ లోపలికే పోయింది.

"చూసిండ్రా? ఎనిమిది రూపాయలకు గాలి. ఎండకాలమైతే మంచిగనే ఉండె. వానకాలం గీ గాలి ఏం జేసుకోవాలె?"

ఆమె అన్నదో లేదో, ఆకాశం విన్నట్టే చినుకులు మొదలయ్యాయి. భద్ర ఉరికి చూరు కింద వరసగా మూడు బిందెలు పెట్టింది. "గివి చందా లేని నీళ్ళు" అంది.

సారంగపాణి తల దించుకుని వెళ్ళబోయాడు.

"ఆగుండ్రి. బుక్కు తడుస్తది."

ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. మధ్యలో మూడు బిందెలు. ఒక్కో బిందె ఒక్కో రాగంలో మోగుతోంది. ఆమె బిందెల వైపు చూస్తోంది, అతను బిందెల వైపు చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

వాన తగ్గాక భద్ర ఎనిమిది రూపాయలు తెచ్చి చేతిలో పెట్టింది. "నీళ్ళకు గాదు. ఇయ్యకుంటే ఏడుస్తరేమోనని ఇస్తాన."

అతను రసీదు రాసిచ్చాడు. ఆమె చూసి పకపకా నవ్వింది. "ఇయ్యాల తారీఖు గూడ యాదికి లేదా సాబ్?"

నిజంగానే లేదు. తారీఖేమిటి, దారి కూడా మరిచి రెండు సందులు ఎక్కువ తిరిగి ఇంటికి చేరాడు.

ఆ తర్వాత సెక్రెటరీకి సొసైటీ మీద ప్రేమ పొంగింది. పైపులు చూస్తాననీ, వాల్వు చూస్తాననీ రోజు విడిచి రోజు ఎత్తెక్కేవాడు. భద్ర తల్లి సోమక్క చాయ్ ఇచ్చేది.

"మీదేడ బిడ్డా?"

"కొత్తవాడ అమ్మా. మా అవ్వ, అన్న జంపఖానాలు నేస్తరు." అవ్వంటే మా దిక్కు తల్లి.

"అయ్యో, మా తల్లిగారిల్లు గూడ గాడనే! ఏ వాడకట్టు?"

ఆ వాడకట్టు మాటల్లో చాయ్ చల్లారేది. గడప దగ్గర భద్ర బియ్యం ఏరుతూ, ఒక్కో రాయికి ఒక్కో మాట విసిరేది. "అమ్మా, సాబ్‌కు ఇంకో కప్పు పొయ్యి. నీళ్ళు ఎట్లనన్న తెప్పిస్తడు."

జూలైలో ఒకరోజు సాంబయ్య ఇంట్లోనే ఉన్నాడు. చేతిలో ట్రాన్స్‌ఫర్ కాయితం.

"నన్ను బల్లార్షాకు ఏసిండ్రు పిలగా. అందరం పోతానం." ఆయన నల్లా వైపు చూశాడు. "కూడబెట్టి కట్టుకున్న ఇల్లు. గని నీళ్ళు రాని ఇంటికి పెరిగే చందా ఎందుకు కట్టాలె చెప్పు? దసరా దాక చూస్త. నీళ్ళచ్చినయా, ఉంచుకుంట. రాలేదా, అమ్ముడే. కొనెటోడు తయారుగున్నడు. గప్పటిదాక ఒక్క పైస గూడ కట్ట."

సారంగపాణి చాయ్ కప్పు కింద పెట్టేశాడు. ఇల్లు పోతే ఈ ఊరితో వాళ్ళకు పనేముంటుంది? భద్ర మళ్ళీ ఎందుకొస్తుంది?

ఆ వారమే మీటింగు పెట్టించాడు. సొసైటీ ప్రెసిడెంటు బాబా మియా ఇంటి వాకిట్లో అందరూ కూర్చున్నారు. బాబా మియా లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైనవాడు. సారంగపాణి లేచి సంగతి చెప్పాడు: గుట్ట మీద కొత్త ట్యాంకు కట్టి, పై ఇళ్ళకు వేరే పైపు వేయాలి. అందుకు చందా పన్నెండు కావాలి.

మొదటి ఇంటి గట్టయ్య దిగ్గున లేచాడు. బావి పక్కిల్లు ఆయనది. కాలనీలో అందరికంటే ఎక్కువ నీళ్ళు ఆయనకే, అందరికంటే ఎక్కువ కోపం కూడా ఆయనకే.

"పన్నెండా! ఐదు ఎనిమిదాయె, ఎనిమిది పన్నెండాయె. రేపు ఇల్లే రాసియ్యమంటవా? మాకు నీళ్ళస్తానయ్. పైనోళ్ళ కోసం మేమెందుకు కట్టాలె?"

"గదే గదా, ఎందుకు?" అని నలుగురు అందుకున్నారు. సారంగపాణి రసీదు బుక్కు తిరగేశాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి భద్ర లేచింది.

"పెద్దబాపూ, ఒక్క మాట. మూడేండ్ల సంది మేం గాలికి చందా కట్టినం. గా పైసలతోనే మీ నల్లాల నీళ్ళచ్చినయ్. ఇప్పుడు జర మీ పైసలతోని మా నల్లాల రానియ్యుండ్రి. కలిసి కట్టుకున్నది గందుకే గదా?"

గట్టయ్య కూర్చున్నాడు. బాబా మియా తొడ మీద చరిచి, "సహీ బాత్! పన్నెండు పక్కా. మూడు నెలలు కట్టనోళ్ళకు కొత్త లైన్ల కనెక్షన్ లేదు. ఇంకేం ఫికర్ లేదు, చాయ్ తాగుండ్రి" అన్నాడు.

బయటకొస్తూ సారంగపాణి మెల్లగా అడిగాడు. "మీరు చందా పెంచుమంటరనుకోలే."

"మీటింగ్‌కు అచ్చిన గదా. ఇప్పుడు అందరన్నట్టు" అంది భద్ర.

నెలాఖరులో వాళ్ళు వెళ్ళిపోయారు. ప్లాట్‌ఫారం మీద సారంగపాణి సామాను ఎక్కించాడు. తక్కెడ మీద వేయకుండా ఎక్కించిన సామాను ఉద్యోగంలో అదొక్కటే. భద్ర కిటికీ పక్కన కూర్చుంది. బండి కదలడానికి ఐదు నిమిషాలుంది. ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు ఇద్దరూ సిగ్నలే చూశారు.

"నీళ్ళస్తే కార్డు రాస్త" అన్నాడు.

"బాపు పేరున రాయుండ్రి" అంది. బండి కదిలాక, తల బయటపెట్టి, "కార్డులు చదివేది నేనే!" అంది.

ఆ మాట పట్టుకునే సారంగపాణి రెండున్నర నెలలు బతికాడు.

సాంబయ్య చందా కట్టడు. కట్టకపోతే కనెక్షన్ లేదు. కనెక్షన్ లేకపోతే ఇల్లుండదు. అందుకని నెల మొదటి ఆదివారం, ఎవరికీ చెప్పకుండా తన జేబులోంచి పన్నెండు తీసి సాంబయ్య పేరున రసీదు రాసుకునేవాడు. ఆ ఒక్క రసీదు మీద తారీఖు ఎప్పుడూ తప్పలేదు.

స్టేషన్లో బల్లార్షా పోయే పార్సిల్ వస్తే తానే లేచి వెళ్ళేవాడు. బుట్టను రెండు చేతులా ఎత్తి పెట్టేవాడు. హమాలీ రాయమల్లు చూసి చూసి ఒకరోజు అడిగాడు. "గందుల ఏమున్నది సారూ, కోడిగుడ్లా?"

"తాళ్ళు."

"తాళ్ళనా గంత పానంగ పట్టుకుంటానవ్!"

పోస్టు కార్డంటే దాచడానికి మడత ఉండదు. పోస్టుమాన్ చదువుతాడు, సాంబయ్య చదువుతాడు. అందుకని ఇలా రాసేవాడు: "సాంబయ్య గారికి నమస్కారములు. పైపులు ఇరవై తొమ్మిదో నంబరు ఇంటి దాకా వచ్చినవి. ఇక్కడ వానలు తగ్గినవి. ఇట్లు, సెక్రెటరీ." అందులో వానలు తగ్గినవి అన్న ముక్క రాయడానికి అరగంట పట్టింది. ఆ చూరూ, ఆ మూడు బిందెలూ ఆ ముక్కలోనే ఉన్నాయి మరి.

నాలుగు కార్డులకు ఒక్క జవాబు వచ్చింది. "సెక్రెటరీ గారికి. కార్డులు అందుతున్నవి. ఇక్కడ నల్లా రోజంతా వస్తున్నది. అయినా దూప తీరుట లేదు. ఇట్లు, సాంబయ్య." గుండ్రటి అక్షరాలు. గూడ్స్ గార్డు చేతిరాత అలా ఉండదు. ఆ కార్డు సారంగపాణి చొక్కా జేబులో చివికి మెత్తబడిపోయింది.

అక్టోబరు వచ్చింది. ట్యాంకు పూర్తయింది. దసరాకు ఇంకా తొమ్మిది రోజులు. ఆఖరి కార్డు రాశాడు: "వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు పై లైను ఇప్పెదము. తమరు ఉండి చూడవలెను."

ఆదివారం పది దాటింది. పొద్దున రావలసిన బల్లార్షా ప్యాసింజరు జాడ లేదు. పదిన్నర దాకా ఆపాడు. గట్టయ్య గొణిగాడు, బాబా మియా గడియారం చూశాడు. ఇక తప్పక సారంగపాణి వాల్వు తిప్పాడు. పై ఇళ్ళలో ఒక్కొక్క నల్లా దగ్గి, తుమ్మి, నీళ్ళు పట్టింది. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు తెచ్చి నల్లాలకు పెట్టారు. అందరూ నవ్వుతున్నారు. అతనొక్కడు స్టేషన్ దిక్కు చూస్తున్నాడు.

ఇంతలో గట్టయ్య కేకలు. "ఓ సెక్రెటరీ! తాళమేసిన ఇంట్లకెళ్ళి నీళ్ళు సందుల కారుతానయ్! గా సాంబయ్య ఇల్లే! మా పన్నెండు రూపాయలు మోరీల పోతానయ్ చూడు!"

సారంగపాణి ఉరికాడు. గేటుకు తాళం. ప్రహరీ ఎక్కి లోపలికి దూకాడు. రేకుల కింద నల్లా పూర్తిగా ఇప్పి ఉంది. దాని కింద ఒక బిందె నిండి పొర్లుతోంది.

నల్లా మీద చెయ్యి వేసి, అతను ఆగిపోయాడు.

ఇల్లు విడిచిపోయేవాళ్ళు బిందెలు బోర్లించి పోతారు. వాకిట్లో మిగతావన్నీ బోర్లించే ఉన్నాయి. ఇదొక్కటే నిలబెట్టి ఉంది, ఎన్నడూ చుక్క రాని నల్లా కింద.

నల్లా కట్టేశాడు. ఒళ్ళంతా తడిసింది. అప్పుడే గేటు తాళం చప్పుడైంది. తిరిగి చూస్తే సాంబయ్య, వెనక పెట్టెతో సోమక్క, ఆమె వెనక భద్ర. గేటు బయట కాలనీ మొత్తం.

"తాళమున్న ఇంట్ల ఏం జేస్తానవ్ పిలగా?" అన్నాడు సాంబయ్య.

"నల్లా... బంద్ జేస్తాన సార్."

"మేం చందా కట్టలే గదా. మాకు కనెక్షన్ ఎవరిచ్చిండ్రు?"

బాబా మియా ముందుకొచ్చాడు. "చందా వచ్చింది సాంబయ్య భాయ్. మూడు నెలలది. బుక్కు నేను చూసిన, రసీదులు నీ పేరునే ఉన్నయ్. పైసలు మాత్రం గీ పోరని జేబులయి."

సాంబయ్య మొహం ఎర్రబడింది. జేబులోంచి నోట్లు తీశాడు. "మాకేమన్న దిక్కు లేదా? ఇంటి చందా ఇంటోళ్ళు కడ్తరు. పరాయోడు కట్టుడేంది? పట్టు, నీ ముప్పై ఆరు."

"రసీదు రాసినంక వాపస్ తీసుకునే రూల్ లేదు సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. సాంబయ్య నవ్వలేదు. "అయితే ఏ లెక్కన కట్టినవో చెప్పు."

సారంగపాణి పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. నీళ్ళు కారుతూ నిలబడ్డాడు.

"బాపూ," భద్ర ముందుకొచ్చింది. "నల్లా ఇప్పి పోయింది నేనే."

"ఎందుకు బిడ్డా?"

"నీళ్ళెప్పుడచ్చినా, ఒకాయన ఉరుకొచ్చి బంద్ జేస్తడని తెలుసు." అని తల దించుకుంది. ఆ నోటిలోంచి అంత మెల్లటి మాట కాలనీ ఎప్పుడూ వినలేదు.

గేటు బయట అందరూ బిందె వైపే తిరిగారు. గట్టయ్య కూడా.

సాంబయ్య కూతుర్ని చూశాడు, బిందెను చూశాడు. మెల్లగా నల్లా దగ్గరికి పోయి, ఇప్పి, దోసిలి పట్టి తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు.

"తియ్యగున్నయ్" అన్నాడు.

సోమక్క మెల్లగా అందుకుంది. "కొత్తవాడోళ్ళేనయ్యా. వాళ్ళ వాడకట్టు నాకెరికే."

సాంబయ్య నోట్లు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నా మాట మాటే. ఇంటి చందా ఇంటోళ్ళే కట్టాలె." సారంగపాణి తడి చొక్కా అంచు పిండుకున్నాడు. "గందుకని పిలగా, దసరా నాడు మీ అవ్వను, అన్నను ఒకపాలి మా ఇంటికి రమ్మను. ఇల్లు అమ్ముతలేను."

బాబా మియా "ముబారక్!" అన్నాడు. భద్ర నిండిన బిందె నడుముకెత్తుకుని లోపలికి పోతూ, తడిసిన సెక్రెటరీ పక్కన ఒక్క క్షణం ఆగింది.

"ఇయ్యాల తారీఖన్న యాదికున్నదా సాబ్?"

"ఇగ ఎన్నడు మర్వ" అన్నాడతను.

అదండీ కథ. చందా దండగా, కాదా అంటే నేను చదువుకున్నవాణ్ణి కాదు, లెక్క చెప్పలేను. ఆ ఇంట్లో మాత్రం ఇప్పటికీ నల్లా కింద ఒక బిందె నిలబెట్టే ఉంటుంది. మీ గ్రూపులో కూడా మెయింటెనెన్స్ మీద కొట్లాడే గట్టయ్య ఒకడు ఉండే ఉంటాడు కదా? ముందు ఆయనకు పంపండి ఈ కథ. ఆ తర్వాత, చెప్పలేని మాటను ఇన్నాళ్ళూ వానల గురించే రాస్తున్నవాళ్ళు ఎవరైనా తెలిస్తే, వాళ్ళకూ పంపండి. ఉంటా మరి.