బోర్డు ఆరిపోయిన మూడు ఉదయాలు

గురువారం ఉదయం తొమ్మిదీ అయిదు. రెజిమెంటల్ బజార్‌లో డాక్టర్ రామభద్రరావు క్లినిక్.

గోడ మీది టోకెన్ బోర్డు వెలగలేదు. వెనక కేబుల్ లేదు. వారంలో ఇది మూడోసారి.

"తాళాలు రోసమ్మ దగ్గరే ఉంటాయి. పోలీసులకి ఫోన్ చేస్తున్నా" అన్నారు డాక్టర్.

ఆయా రోసమ్మ చీపురు కింద పడేసింది. "ఆ వైరు నేనేం జేసుకుంట సారూ? బట్టలారేసుకుంటనా?"

"ఒక్క గంట ఆగండి సార్" అంది దేవకృప. ఆ బోర్డు పెట్టించిన బిజినెస్ అనలిస్ట్ ఆమే; ఇప్పటికే రెండుసార్లు ఆగిందని చూడ్డానికి వచ్చింది. ఈ ఊరికి కొత్త, మల్కాజ్‌గిరిలో ఒంటిగదిలో ఒక్కతే ఉంటుంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె నోరు విప్పడం ఇదే మొదలు.

"తలుపు ఎప్పుడు తీశావు రోసమ్మా?"

"ఏడున్నరకి."

"తర్వాత ఎవరొచ్చారు?"

"క్లర్కు జకర్యా సారు. ఎనిమిదింటికి."

"బోర్డు స్విచ్ ఎవరు వేస్తారు?"

"నేనే. సరిగ్గా తొమ్మిదికి" అన్నారు డాక్టర్. "అది వచ్చాక పేర్లు రాసే పనే లేదు."

కేబుల్ పోతే ఎవరి అవసరం తీరుతుంది? దేవకృప బెంచీల వైపు నడిచింది.

"ఆరిందే మంచిగైంది బిడ్డా" అంది ముసలి లచ్చమ్మ. "నాకు అంకెలొస్తయా? మొన్న నా నంబరు దాటిపోయిందని ఇంటికి తోలిండ్రు. ఇయ్యాల జకర్యా సారు పేరు వెట్టి పిలుస్తడు."

కౌంటర్ దగ్గర జకర్యా చేతిలో కాగితం. ఇరవయ్యారు పేర్లు. మొదటి పేరు లచ్చమ్మ. పక్కన టైము, ఎనిమిదీ పది.

"అంకుల్, కేబుల్ పోయిందని మాకు తెలిసింది తొమ్మిదికి. మీరు ఎనిమిదీ పదికే పేర్లెందుకు రాశారు?"

ఆయన సొరుగు లాగాడు. మూడు కేబుళ్లు, చుట్టలు చుట్టి.

"మా ఆవిడ కాంతమణి పోయి మూడేళ్లమ్మా. ఇంట్లో గోడలే. ఇక్కడ రోజుకి వందమందిని పిలిచేవాణ్ణి. వందమందీ పలికేవాళ్లు."

"రోసమ్మ జైలుకి పోయేది అంకుల్."

"అంత దూరం ఆలోచించలేదు తల్లీ." లేచి, తనే డాక్టర్ గదిలోకి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది.

"కేబుళ్లు తీసింది ఈయన సార్. అసలు తప్పు నాది. బోర్డు పెట్టేముందు పదకొండుమందిని అడిగాను. ఈ మార్పు ఎవరి మీద పడుతుందో ఆ ఇద్దర్నీ, జకర్యా గారినీ లచ్చమ్మనీ, అడగలేదు. మీకు కావాల్సింది వరస. వాళ్లకి కావాల్సింది పిలుపు. బోర్డు మీ బల్ల మీద పెట్టుకోండి. పేర్లు ఈయన్ని పిలవనివ్వండి."

డాక్టర్ ఫోన్ బల్ల మీద పెట్టేశారు. "ముందు రోసమ్మ కాళ్లు పట్టుకో జకర్యా. తర్వాత నేనూ పట్టుకుంటా."

"కాళ్లొద్దు, ఏమొద్దు. ఇరానీ చాయ్ తాపియ్యండ్రి ఇద్దరూ" అంది రోసమ్మ గుమ్మంలోంచి.

వాళ్లు నవ్వుకుంటుంటే దేవకృప బ్యాగు తగిలించుకుని బయటికి నడిచింది. బెంచీ మీంచి లచ్చమ్మ ఆమె కొంగు పట్టి ఆపింది.

"గింత సేపు మాట్లాడితివి. నీ పేరేంది బిడ్డా?"

ఆర్నెల్లుగా ఈ ఊళ్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. దేవకృప బెంచీ మీద కూర్చుంది.