తేలికైన తొట్టి, బరువైన గోడ

"సాయంత్రం ఐదుకల్లా బోర్డులు ఎక్కడికి పోయాయో తేలకపోతే నా పని ఊడుతుందండీ. దొంగ అనిపించుకుని ఎలా బతకను?" అన్నాడు కటింగ్ మేస్త్రీ. చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు. డిటెక్టివ్ చూపు వాటి మీద ఒక్క క్షణం నిలిచింది.

ఇళ్ల గోడలను షెడ్డులోనే తయారుచేసి లారీలో పంపే కర్మాగారం అది. వృథా తగ్గించాలని యజమాని వారం వారం తుక్కు తొట్టిని తూకం వేయిస్తాడు. హద్దు దాటితే కోసినవాడిని తీసేస్తాడు. తొట్టి ఎప్పుడూ తేలిగ్గానే ఉంది. అయినా మూడు నెలల్లో రెండు వందల బోర్డులు ఎక్కువ ఖర్చయ్యాయి. స్టోరు తాళం మేస్త్రీ దగ్గరే ఉంటుంది.

"బోర్డు గోడలోకైనా పోవాలి, తొట్టిలోకైనా పోవాలి. నాకేమీ అంతుపట్టడం లేదు సార్," అంది డిటెక్టివ్ సహాయకురాలు.

"సగం కేసు నువ్వే తేల్చేశావు."

ఏ సగమో ఆమెకు తెలియలేదు.

షెడ్డులో క్రేన్ డ్రైవర్ విసుక్కున్నాడు. "ఈమధ్య గోడలు కడుపు నిండా తినొస్తున్నాయండీ. గొలుసులు కిర్రుమంటున్నాయి."

గోడలు బిగించేది మేస్త్రీ బావమరిది. "మా బావ కోతకి వంక పెట్టేవాడింకా పుట్టలేదండీ," అన్నాడు తలెత్తకుండా. అతని బల్ల కింద రంపం ఉంది, పళ్ల మీద తాజా పొడి. బిగించేవాడికి రంపమెందుకో సహాయకురాలికి బోధపడలేదు.

ఐదింటికి డిటెక్టివ్ అందరినీ ఒక గోడ ముందుకు పిలిచి, దాన్ని తట్టాడు. బోలుగా మోగాల్సింది మొద్దుగా పలికింది. మరలు విప్పించగానే లోపలినుంచి ముక్కలు జారిపడ్డాయి. అన్నీ రెండంగుళాలు కురచ.

"దొంగతనం జరగలేదు. మేస్త్రీ కోసినవి కురచగా వస్తే ఈ బావమరిది వాటిని గోడలో దాచి, బావ తాళంతోనే స్టోరు తీసి కొత్త బోర్డు తెచ్చి, తనే కోసి బిగించాడు. గుండీ తప్పేవాడికి గీత తప్పదా?"

"ఎందుకు చేశావయ్యా?" అన్నాడు యజమాని.

"అక్క పోయినప్పటినుంచి బావ కొలత తప్పుతున్నాడండీ. తొట్టి బరువెక్కితే తీసేస్తారుగా. దొంగతనం అంటారని నేననుకోలేదు."

మేస్త్రీ ఒక ముక్కను కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "ఒరేయ్, ఇది నేను కోసిందేనా?"

"నీ పెన్సిలు గీతే బావా."

యజమాని ఇంకో ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఈ ముక్కలు కిటికీల కిందకి సరిపోతాయి," అన్నాడు. "రేపటినుంచి కొలత ఇద్దరూ చూడండి."

మేస్త్రీ నడుముకున్న టేపు తీసి, ఒక కొస బావమరిది చేతిలో పెట్టాడు. రెండోది తను పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోరా," అన్నాడు.