గాలాల గిటారు

చిన్నరాజు ఏలూరు పవరుపేటలోని మేడగది మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ ఎలీయాజరు పెసరట్టు తింటున్నాడు. కేసు వచ్చినా కలెక్టరు వచ్చినా ఆయన అట్టు చల్లారనివ్వడు. అందుచేత వచ్చినవాడికి మంచినీళ్లిచ్చి ధైర్యం చెప్పే పని అసిస్టెంటు జగ్గారావు మీద పడింది.

వచ్చినవాడు కొల్లేటి మనిషి. దుప్పట్లో చుట్టిన గిటారును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"దీని గొంతు ఎవరో నొక్కేశారండి" అన్నాడు.

అది కలకత్తా చవకరకం. పాతసామాన్ల అంగట్లో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్నది. చిన్నరాజు దాని వంకర మెడను సాపుచేసి, పాత టెలిఫోను రిసీవరులోని అయస్కాంతానికి సన్నటి రాగితీగ చుట్టి తీగల కింద బిగించి, ఎలక్ట్రిక్ గిటారుగా మార్చాడు. అడుగున తీగలు పట్టే మేకులు విరిగిపోతే, వాటి బదులు చేపల గాలాలు దిగ్గొట్టాడు. అవి చొక్కాకు తగులుకోకుండా పైన పాలడబ్బా రేకుతో మూత పెట్టాడు. చూసినవాళ్లంతా "డబ్బా" అని నవ్వారు. మైకుసెట్టుకు తగిలించి వాయించాక నవ్వడం మానేశారు.

నిన్న పొద్దున తాడేపల్లిగూడెం నాటక కంపెనీ యజమాని అబ్బాయిరాజుగారు విని ముచ్చటపడి, కంపెనీలో చేర్చుకుంటానన్నారు. చిన్నరాజు భోజనం చేసి వచ్చి మళ్లీ వాయిస్తే స్పీకరులో కిక్కురుమనలేదు. ఇవాళ ఆట మొదలయ్యేలోగా మోగకపోతే ఇంటికి పొమ్మన్నారు.

"పొద్దుటిది కూడా ఏదో గారడీ అంటున్నారండి. వల పక్కనపెట్టి వచ్చినవాణ్ణి. మోసగాడనే పేరు మోసుకుని మళ్లీ దోనె ఎక్కలేనండి."

ఎలీయాజరు చెయ్యి కడుక్కుని, నిన్న మధ్యాహ్నం నుంచి తీగలు చేతికి ఎలా ఉన్నాయని అడిగాడు. ఎంత బిగించినా శ్రుతి జారిపోతోందనీ, కొల్లేటి చెమ్మ పట్టిందేమో అనుకున్నాననీ చిన్నరాజు చెప్పాడు. తాడేపల్లిగూడెంలో కొల్లేటి చెమ్మేమిటని జగ్గారావు నవ్వబోయాడు గానీ, గురువుగారి ముఖం చూసి ఆ నవ్వు మింగేశాడు.

నిన్న భోజనాల వేళ గిటారున్న గదిలో మిగిలినవాళ్లు ఇద్దరేనట. హార్మోనిస్టు లక్ష్మీకాంతం, మైకుసెట్టు నడిపే వీర్రాజు.

"పద, రైలుకు వేళవుతోంది. ఇవాళ ఇది మోగాల్సిందే" అన్నాడు ఎలీయాజరు.

భీమడోలు స్టేషన్లో చిన్నరాజు టీకి దిగినప్పుడు, ఎలీయాజరు రేకుమూత ఎత్తి జగ్గారావుకు చూపించాడు. తెల్లని తీగ ఒక్కొక్క గాలానికీ తగులుకుని, తన చుట్టూ తానే ఒత్తుగా, వరుసగా చుట్టుకుని ఉంది. కొసలు నున్నగా కత్తిరించి ఉన్నాయి. పనితనం బాగుందన్నాడు జగ్గారావు. మరీ బాగుందని ఎలీయాజరు మూత పెట్టేశాడు.

తాడేపల్లిగూడెంలో దిగి కంపెనీకి చేరగానే, జగ్గారావు లెక్కలో దొంగ దొరికిపోయాడు. ఆ డబ్బా తన హార్మోనియం ముందు నోరెత్తితే మీసం తీయించుకుంటానని కంపెనీ అంతా వినేలా అన్నది లక్ష్మీకాంతమేనట. తీరా ఎలీయాజరు గిటారు చేతికివ్వబోతే, ఆ పెద్దమనిషి గోడకు అతుక్కుపోయాడు.

"దూరంగా పెట్టండి బాబూ. అందులో కరెంటుంది. అది వచ్చిన దగ్గర్నుంచీ ఆ గదిలో గోడవారనే నడుస్తున్నానండి."

వీర్రాజు మాత్రం మర్యాదగా కాఫీ తెప్పించాడు. మద్రాసు నుంచి తాను తెప్పించిన కొత్త గిటారును ఎర్ర రెక్సిన్ పెట్టెలోంచి తీసి చూపించాడు. ఇవాళ సాయంత్రం డబ్బా మోగకపోతే అబ్బాయిరాజుగారు దాన్నే కొంటారట.

"నా సెట్టులో లోపం లేదండి. ఆ టెలిఫోను అయస్కాంతమే చచ్చిపోయింది" అన్నాడు.

పొద్దు వాలకముందే ఎలీయాజరు అందరినీ స్టేజీ మీదికి పిలిపించాడు. ముగ్గురికీ తలా ఒక గాలం, తలా ఒక తీగముక్క ఇచ్చి, తీగను గాలానికి గట్టిగా కట్టమన్నాడు. చిన్నరాజు చూడకుండానే బెస్తముడి వేసేశాడు. లక్ష్మీకాంతం, ఇందులో కరెంటు లేదు కదా అని రెండుసార్లు అడిగి, మూట కట్టినట్టు కట్టాడు. వీర్రాజు జేబులోంచి కటింగ్ ప్లయరు తీసి, తీగను దాని చుట్టూ దాన్నే ఒత్తుగా చుట్టి, కొస నున్నగా తుంచాడు. జగ్గారావు గిటారు రేకుమూత వైపు చూశాడు.

ఎలీయాజరు గిటారును మైకుసెట్టుకు తగిలించి, వేరే గాలం ఒకటి తీగల కింది అయస్కాంతం దగ్గరికి తెచ్చాడు. గాలం చటుక్కున అతుక్కుంది. స్పీకరులో టక్కుమని మోగింది.

"అయస్కాంతం బతికే ఉంది వీర్రాజుగారూ. చచ్చినవి తీగలు. ఉక్కుతీగ కదిలితేనే కింది రాగిచుట్ట పలుకుతుంది." ఒక తీగ కొస విప్పి అయస్కాంతానికి ఆనించి వదిలాడు. అది జారి పడిపోయింది. "ఇది హీటర్లలో వేసే తీగ. చూపుకు ఉక్కులాగే ఉంటుంది, అయస్కాంతానికి లొంగదు. బిగిస్తే సాగుతుంది, అందుకే శ్రుతి నిలవలేదు. ఈ కిటుకు తెలిసినవాడు గిటారు ముట్టుకోవడానికే భయపడే మనిషి కాడు."

రేకుమూత ఎత్తాడు. లోపలి ముడులూ, వీర్రాజు చేతిలోని ముడీ ఒకే అచ్చు.

"కొల్లేటివాడు వేసిన ముడి అయితే బెస్తముడి ఉండాలి. ఇవి వైరుమేను చుట్లు. చెయ్యి అబద్ధమాడదండి."

వీర్రాజు తల వంచుకున్నాడు. ఈ డబ్బా గెలిస్తే తన మద్రాసు గిటారు మొహం ఎవరు చూస్తారని, భోజనాల వేళ లక్ష్మీకాంతం గోడవారన కునుకు తీస్తుండగా తీగలు మార్చాననీ, పాతవి కాలువలో పారేశాననీ ఒప్పుకున్నాడు.

నిజం తేలింది గానీ చిన్నరాజు ముఖం ఇంకా తేటపడలేదు. ఊరంతా వెతికినా ఈ వేళకు ఉక్కుతీగలు దొరకవు. టిక్కెట్ల దగ్గర అప్పుడే జనం మూగుతున్నారు.

లక్ష్మీకాంతం లేచి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో కంపెనీ తంబురాలూ, తన సొంత సితారూ విప్పగా వచ్చిన ఉక్కుతీగలున్నాయి.

"నన్ను కూడా దొంగననుకున్నారు కదా. తీసుకోవయ్యా. నా మీసం పోయినా ఫర్వాలేదు" అని, కళ్లు గట్టిగా మూసుకుని గిటారు మెడ పట్టుకుని కూర్చున్నాడు. చిన్నరాజు గాలం గాలానికీ బెస్తముడి వేశాడు.

వీర్రాజును అప్పుడే గెంటేస్తానని అబ్బాయిరాజుగారు లేచారు. ఆట అయ్యేదాకా ఉండనివ్వమని చిన్నరాజు వేడుకున్నాడు. తెర లేచేముందు గిటారు ఒళ్లోకి తీసుకుని, మైకుసెట్టు వైపు తిరిగి మెల్లగా అన్నాడు:

"వీర్రాజుగారూ, కాస్త సౌండు పెంచండి."

వీర్రాజు బటను తిప్పాడు.